విల్లు, క్రాస్‌బో: గేమ్‌లో డ్యామేజ్ ఎంత పెడితే నిజానికి దగ్గరగా ఉంటుంది?

కోడ్‌కోట
నమస్తే అందరికీ. 15వ శతాబ్దపు యూరప్ నేపథ్యంగా ఒక చిన్న ఫస్ట్ పర్సన్ గేమ్ చేస్తున్నాను. ప్రస్తుతం విల్లుకి డ్యామేజ్ 40, బాణానికీ బాణానికీ మధ్య 1 సెకను. క్రాస్‌బోకి (పిడికి అడ్డంగా బిగించి, ట్రిగ్గర్ నొక్కి పేల్చే విల్లు) డ్యామేజ్ 90, రీలోడ్ 3 సెకన్లు. టెస్టింగ్‌లో ఎవరూ క్రాస్‌బో ముట్టుకోవడం లేదు. లాంగ్‌బో (ఆరడుగుల చెక్క విల్లు) 120 పౌండ్లు, ఉక్కు క్రాస్‌బో 1000 పౌండ్లు అంటారు కదా, ఆ లెక్కన దాని డ్యామేజ్ ఎనిమిది రెట్లు చేసేయొచ్చా?

ఉక్కుబద్ద
వద్దండీ. పౌండ్లు చెప్పేది తాడు లాగడానికి ఎంత బలం కావాలో, అంతవరకే. ఆ బలం ఎంత దూరం బాణాన్ని నెట్టిందో కూడా చూడాలి. లాంగ్‌బోలో తాడు దాదాపు 24 అంగుళాలు ప్రయాణిస్తుంది. అప్పటి ఉక్కు క్రాస్‌బోలో 6 అంగుళాలే. బలాన్ని దూరంతో గుణించి సగం చేయండి: 120 పౌండ్ల లాంగ్‌బోలో నిల్వ అయ్యేది సుమారు 163 జౌల్స్, 1000 పౌండ్ల క్రాస్‌బోలో సుమారు 339. ఎనిమిది రెట్లు బరువు లాగితే దక్కింది రెట్టింపు. అదీ పూర్తిగా బోల్ట్‌కి (క్రాస్‌బోతో వేసే పొట్టి బాణానికి) అందదు. ఉక్కు బద్ద (క్రాస్‌బోలో వంగే భాగం) బరువైనది కాబట్టి అది తనను తాను ముందుకు విసురుకోవడానికే చాలా శక్తి తినేస్తుంది. చెక్క విల్లు తేలిక, పైగా దాని మీద బరువైన బాణం వాడతారు, అందుకే వృథా తక్కువ.

ఇంకోటి, 120 కూడా మీరు తక్కువే పట్టుకున్నారు. 1545లో మునిగిన ఇంగ్లిష్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన విల్లులను 100 నుంచి 185 పౌండ్ల వరకూ అంచనా వేశారు. కాబట్టి డ్యామేజ్‌లో విల్లుకి ఒకటి అనుకుంటే క్రాస్‌బోకి ఒకటిన్నర దగ్గర ఆగండి. మీరు ఇప్పుడు పెట్టిన 90 కూడా ఎక్కువే.

డెబ్భైమీటర్లు
డ్యామేజ్ సంగతి పై పోస్టులో తేలిపోయింది. అసలు తేడా చేతుల్లో ఉంది, గేములు వదిలేసేది దాన్నే. చాలా గేముల్లో మౌస్ నొక్కి పట్టుకుంటే విల్లు లాగి పట్టుకుని ఎంతసేపైనా నిలబడొచ్చు. 120 పౌండ్ల విల్లుతో అది కుదరదు. ఒంట్లో బలమంతా వీపులోకి తెచ్చి లాగడం, చెవి దగ్గరికి రాగానే వదిలేయడం, అంతే. రెండు మూడు సెకన్లు దాటితే భుజం వణుకుతుంది, తాడు అర అంగుళం ముందుకు జారుతుంది, బాణం గురి కిందికి పడుతుంది. మన విజయవాడ జ్యోతి సురేఖ వాడే కాంపౌండ్ విల్లులో అంచుల దగ్గర క్యామ్‌లు (చిన్న చక్రాల్లాంటివి) ఉంటాయి, పూర్తిగా లాగాక చేతి మీద పడే బరువు ముప్పావు వంతు దాకా తగ్గిపోతుంది. తాపీగా గురి చూసే వీలు అక్కడుంది. మీ శతాబ్దంలో అది లేదు.

బాణం కిందికి దిగడం కూడా గేముల్లో మరీ తక్కువ. సెకనుకి 61 మీటర్ల వేగంతో వెళ్లే బాణం 70 మీటర్లు చేరడానికి 1.15 సెకన్లు పడుతుంది. ఆలోగా గురిగీత నుంచి ఆరు మీటర్లకు పైగా దిగిపోతుంది, అంటే రెండంతస్తుల ఎత్తు. అందుకే విలుకాడు లక్ష్యానికి బాగా పైకి ఎత్తి వేస్తాడు. శబ్దం ఆ 70 మీటర్లను 0.2 సెకన్లలోనే దాటేస్తుంది కాబట్టి తాడు చప్పుడు విని తప్పుకునే అవకాశం ఎదుటివాడికి నిజంగానే ఉంది. "నిశ్శబ్ద ఆయుధం" అనే మాటని గేముల్లో అతిగా వాడారు.

బాణం గట్టితనం విల్లుకి సరిపోకపోయినా గురి చెడుతుంది. కుడిచేత్తో తాడు లాగేవాళ్లకి, బాణం మరీ గట్టిగా ఉంటే ఎడమకి పోతుంది, మరీ మెత్తగా ఉంటే కుడికి. దొరికిన బాణాన్ని దొరికిన విల్లుతో వేస్తే చెదురు పెరిగేలా పెట్టండి, చాలా తక్కువ గేముల్లో ఉంది.

బోల్ట్‌బాబు
గేముల వైపు నుంచి చెప్తా. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ఆర్చర్‌ని అప్‌గ్రేడ్ చేస్తే క్రాస్‌బోమన్ అవుతాడు, వేసే వేగం మారదు, రేంజ్ పెరుగుతుంది. స్ట్రాటజీ గేమ్ కాబట్టి నడిచిపోయింది. మీకు పనికిరాదు.

మైన్‌క్రాఫ్ట్‌లోది మాత్రం తీసుకోదగ్గ ఆలోచన. విల్లు పూర్తిగా లాగడానికి 1 సెకను, క్రాస్‌బో లోడ్ చేయడానికి 1.25 సెకన్లు. పెద్ద తేడా లేదు. కానీ లోడ్ చేసిన క్రాస్‌బోని పక్కన పెట్టుకుని, కత్తి తిప్పి, మళ్లీ తీసి వెంటనే పేల్చొచ్చు. విల్లుతో అది కుదరదు. క్రాస్‌బో బలం అదే: కష్టమంతా ముందే పడిపోయి, అవసరం వచ్చిన క్షణంలో వేలు కదిపితే చాలు. కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్‌లో విల్లుకి గురిచుక్క ఉండదు, అందుకే అందులో విల్లు నేర్చుకోవాలనిపిస్తుంది. క్రాస్‌బోలు 2025లో వచ్చిన రెండో భాగంలో చేరాయి.

మీ టేబుల్‌లో డ్యామేజ్ ముట్టుకోకముందే "లోడ్ చేసి ఉంచుకోవచ్చు" అనే సౌకర్యం ఇచ్చి చూడండి. టెస్టర్లు దాన్ని తీసుకుంటారు.

కోడ్‌కోట
లోడ్ చేసి ఉంచుకోవడం ఇప్పుడే పెట్టా, చాలా మార్పు కనిపిస్తోంది. మరి రీలోడ్ 3 సెకన్లు సరేనా? లోడ్ చేశాక మనసు మారితే తాడు వెనక్కి దించే బటన్ పెట్టాలా?

ఉక్కుబద్ద
3 సెకన్లు ఏ భారీ క్రాస్‌బోకీ సరిపోదు. 1000 పౌండ్లది చేత్తో లాగలేరు, విండ్‌లాస్ (పిడులు తిప్పి తాడుని వెనక్కి లాగే పరికరం) కావాలి. ముందున్న ఇనుప వలయంలో కాలు పెట్టి క్రాస్‌బోని నేలకి ఆనించాలి, విండ్‌లాస్‌ని క్రాస్‌బో పిడి వెనక తొడగాలి, కొక్కేలు తాడుకి తగిలించాలి, రెండు చేతులా తిప్పాలి, తాడు నట్‌లో (లాగిన తాడుని పట్టి ఉంచే భాగం) పడ్డాక విండ్‌లాస్ మొత్తం విప్పి పక్కన పెట్టాలి, అప్పుడు బోల్ట్. నిమిషానికి రెండు పడితే గొప్ప. ఆ సేపంతా మనిషి కదల్లేడు, అందుకే మనిషెత్తు డాలు వెనక నిలబడేవారు. 1346లో ఫ్రాన్స్‌లోని క్రెసీ యుద్ధంలో ఫ్రెంచ్ వైపు పోరాడిన జెనోవా క్రాస్‌బో దళం డాళ్లు వెనక సామాన్ల బండ్లలో ఉండిపోయాయి, ఇంగ్లిష్ బాణాల ముందు నిలవలేకపోయారు.

మీ గేమ్‌కి రెండు రకాలు పెట్టండి. నడుం బెల్టు కొక్కెంతో లాగే తేలికది: 8 నుంచి 10 సెకన్లు, డ్యామేజ్ విల్లంత. విండ్‌లాస్‌ది: 25 సెకన్లు, కదలిక సున్నా, డ్యామేజ్ ఒకటిన్నర రెట్లు. దీనికి విల్లు ఇవ్వలేని లాభం కూడా ఇవ్వండి: మోకాళ్ల మీద, గోడ కన్నంలోంచి వేయగలగడం. ఆరడుగుల విల్లుకి నిలబడే చోటు కావాలి.

తాడు దించే బటన్ వద్దు. ఈ రోజుల్లో అమ్మే క్రాస్‌బోల్లో కూడా చాలావాటిని చేత్తో దించడం ప్రమాదం, ఒక బోల్ట్ పెట్టి మెత్తని టార్గెట్‌లోకి వేసేస్తారు. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే ఆ శక్తికి మోసుకుపోవడానికి బాణం ఉండదు, తాడు తెగుతుంది లేదా బద్దలు చీలతాయి. బోల్ట్ తాడుకి ఆనకుండా కాస్త ముందుకి జారి ఉన్నా అదే జరగొచ్చు. పరిగెత్తితే బోల్ట్ జారిపోయే చిన్న అవకాశం పెట్టండి, ఆటగాడు ఆగి సర్దుకోవాల్సి వస్తుంది.

డెబ్భైమీటర్లు
దానికి తోడు, తాడు నట్‌లో మధ్యకి కాకుండా రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకి పడితే ఆ బోల్ట్ పక్కకి పోతుంది. కంగారుగా లోడ్ చేస్తే గురి పక్కకి లాగేలా పెట్టండి. విల్లుకైతే ముంజేతి పట్టీ లేకపోతే ప్రతి బాణానికీ కొంచెం హెల్త్ తగ్గించండి, తాడు మోచేతి కింద చెళ్లుమని తగిలి నల్లగా కమిలిపోతుంది.