ఓపెన్ సోర్స్‌లో (ఎవరైనా కోడ్ చూసి మార్చగల సాఫ్ట్‌వేర్) పని చేద్దామంటే ముందు ఏ చాట్‌లో చేరాలో అర్థం కావట్లేదు, మీరెలా మొదలుపెట్టారు?

పేట_కుర్రాడు
బీటెక్ మూడో సంవత్సరం. సీ, పైథాన్ ఓ మాదిరిగా వచ్చు. ఒక ప్రాజెక్టు వాళ్లు ఐఆర్‌సీ అనే పాతకాలం చాట్‌కి రమ్మంటారు, ఇంకొకళ్లు మ్యాట్రిక్స్ అనే కొత్త రకం చాట్ అంటారు, ఇంకొకళ్లు అందరికీ మెయిల్ వెళ్లే మెయిలింగ్ లిస్టులో రాయమంటారు. మాకేమో కాలేజీలో అన్నీ వాట్సాప్ గ్రూపులే. ఐఆర్‌సీలో హలో అంటే ఒక్కరూ పలకలేదు. అసలు మనుషులున్నారా అక్కడ?

పాత_లినక్స్
ఉన్నారు తమ్ముడూ, హలోకి పలకరంతే. "ఒక డౌట్ అడగొచ్చా" అన్నా పలకరు. నేరుగా విషయం పెట్టెయ్. ఏ వెర్షన్, ఏం చేశావు, ఏం వచ్చింది, ఎర్రర్ పెద్దదైతే పేస్ట్‌బిన్ లాంటి సైట్లో పెట్టి దాని లింకు. పెట్టాక మాత్రం విండో మూసి వెళ్లిపోకు, ఎందుకంటే నువ్వు బయటికెళ్లాక వచ్చిన జవాబు నీకిక కనబడదు, వెనక్కెళ్లి చూసుకోవడానికి వాట్సాప్ కాదుగా. మన రాత్రి పదిన్నరకి యూరప్‌లో సాయంత్రం, అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం, అప్పుడు అడిగితే కాస్త నయం.

గైడ్లు చదివేటప్పుడు తేదీ చూసుకో. ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్‌లో చేరమని రాసి ఉంటే అక్కడే వదిలెయ్, 2021 మేలో జరిగిన యాజమాన్యం గొడవ తర్వాత చాలా ప్రాజెక్టులు లిబెరా చాట్ అనే ఇంకో ఐఆర్‌సీ నెట్‌వర్క్‌కి వెళ్లిపోయాయి. మ్యాట్రిక్స్ ఖాతాతోనే లిబెరాలోకి వెళ్లొచ్చని కూడా రాస్తారు, రెంటినీ కలిపే ఆ బ్రిడ్జి 2023లో మూసేశారు. మొజిల్లా, కేడీఈ లాంటివి మ్యాట్రిక్స్‌లోనే ఉన్నాయి కాబట్టి వాటికి ఎలిమెంట్ అనే మ్యాట్రిక్స్ యాప్ చాలు.

గుంటూరు_మిర్చి
ఇదంతా ఎందుకు బ్రో. గిట్‌హబ్‌లో (ప్రాజెక్టుల కోడ్ ఉండే సైట్) కొత్తవాళ్ల కోసం పెట్టే 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుల్ వెతుకు, మార్పు చేసి, తీసుకోమని పుల్ రిక్వెస్ట్ కొట్టు, రెజ్యూమెలో పెట్టు. మా సీనియర్లు అందరూ అంతే.

అర్ధరాత్రి_కమిట్
అలా కొట్టేవాళ్లతోనే చచ్చిపోతున్నాం. నేనొక చిన్న లైబ్రరీ చూసుకుంటాను, ఉద్యోగం అయ్యాక, పిల్లలు పడుకున్నాక. అక్టోబర్‌లో పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్ట్ ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్, 2020లో ఏమైందో గుర్తుందా? టీషర్ట్ కోసం, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో 'అమేజింగ్ ప్రాజెక్ట్' అని ఒక ముక్క కలిపి పంపారు జనం, అందులో మన దేశం వాళ్లూ తక్కువేం లేరు. ఆ దెబ్బకి నిర్వాహకులు అదే అక్టోబర్‌లో నియమం మార్చారు, ప్రాజెక్టు ఓనరు ఒప్పుకుంటేనే లెక్కలోకి వస్తుందన్నారు. తర్వాత 2023లో టీషర్టులే ఎత్తేశారు.

ఇష్యూ కింద "నాకు అసైన్ చేయండి సార్" అని రాసి మాయమైపోయే బ్యాచ్ ఇంకోటి. పేట తమ్ముడూ, నువ్వు అది చెయ్యకు. ముందు కోడ్ దించుకుని బిల్డ్ చెయ్, టెస్టులు రన్ చెయ్, ఆ బగ్ నీ మెషీన్‌లో వస్తుందో రాదో చూసి అదే రాయి. ఆ ఒక్క కామెంట్‌తోనే నీ మాటకి విలువొస్తుంది. తర్వాత ప్యాచ్ (నువ్వు చేసిన కోడ్ మార్పు) పంపి రెండు వారాలు ఓపిక పట్టు, ఒకసారి గుర్తుచెయ్, రోజూ ట్యాగ్ చెయ్యకు. కొత్తవాళ్లని అనుమానంగా చూస్తున్నారని బాధపడొద్దు. ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రామ్ వ్యవహారం చూశాం కదా, దాన్ని చూసుకునే అలసిపోయిన మెయింటైనర్‌కి సాయం చేస్తున్నట్టు ఏళ్ల తరబడి ప్యాచ్‌లు పంపి, నమ్మకం సంపాదించి, బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టారు. 2024 మార్చిలో బయటపడింది కాబట్టి సరిపోయింది.

డీటీపీ_శ్రీను
కోడ్ రానివాడిగా నేనూ ఒక మాట చెప్తా. మాది ప్రెస్ పని, అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద చేయి తిరిగినోళ్లం. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కి మారాక, తప్పులు నమోదు చేసే వాళ్ల బగ్‌జిల్లా సైటు చూడటం అలవాటైంది. ఎవరో "పీడీఎఫ్ చేస్తే అక్షరాలు చెదిరిపోతున్నాయి" అని రాసి వదిలేస్తారు. అది 'అన్‌కన్ఫర్మ్‌డ్' అని పడి ఉంటుంది, రెండో మనిషి చేసి చూసి "నాకూ వస్తోంది" అంటేనే 'న్యూ' అవుతుంది. ఆ రెండో మనిషి పని నాది. అబౌట్ విండోలో వెర్షన్ వివరాలు కాపీ చేసుకునే బటన్ ఉంటుంది, అది నొక్కి ఉన్నదున్నట్టు పేస్ట్ చేస్తా. సేఫ్ మోడ్‌లో తెరిచి మళ్లీ చూస్తా, మన సెట్టింగుల గొడవేమో అని. పాత వెర్షన్‌లో బాగుండి కొత్తదాంట్లో చెడిందని చెప్పగలిగితే డెవలపర్ వెతుకులాట సగం తగ్గుతుంది.

తెలుగు అక్షరాలు పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది, తప్పు ఒక్కోసారి అక్కడుంటుంది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో యాప్‌లు కూలిపోయాయి చూడండి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. హార్ఫ్‌బజ్‌లో అయితే ఎవడో ఒకడు కోడ్ తెరిచి చూస్తాడు.

సర్వర్_లక్ష్మి
మీటింగుల సంగతి నేను చెప్తాను. మా గ్రూపువాళ్లం జిట్సీ అనే ఓపెన్ సోర్స్ వీడియో మీటింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాం. ఇదివరకు వాళ్ల సైట్లో ఎవరైనా గది తెరిచేసేవాళ్లు, 2023 ఆగస్టు నుంచి తెరిచే మనిషి గూగుల్, ఫేస్‌బుక్, గిట్‌హబ్‌లలో ఏదో ఒకదానితో లాగిన్ అవ్వాలి. అది నచ్చక సొంత సర్వర్ పెట్టుకున్నాం, డెబియన్ లినక్స్ మీద ఇన్‌స్టాల్ చెయ్యడం కష్టమేం కాదు. కానీ పెట్టిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "ఇద్దరుంటే బ్రహ్మాండంగా ఉంది, మూడో మనిషి రాగానే అందరి వీడియో పోతోంది." ఇద్దరే ఉన్నప్పుడు వీడియో నేరుగా ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది. మూడో మనిషి వస్తే సర్వర్‌లోని వీడియోబ్రిడ్జి మీదుగా వెళ్లాలి, దానికి యూడీపీ 10000 పోర్టు (వీడియో వచ్చిపోయే దారి) తెరిచి ఉండాలి. క్లౌడ్ కంపెనీ ఫైర్‌వాల్‌లో అది మూసి ఉంటుంది. సర్వర్‌లో తెరిచాం కదా అంటారు, రెండు చోట్లా తెరవాలి తల్లీ!

డల్లాస్_బాబాయ్
ఇంట్లోవాళ్లని వాట్సాప్ నుంచి మార్చే ప్రయత్నం ఎవరైనా చేశారా? మేం సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌కి మారాం. నంబర్‌తోనే ఖాతా తెరవాలి, కాకపోతే 2024 నుంచి యూజర్‌నేమ్ పెట్టుకుని నంబర్ దాచుకోవచ్చు. ఎలిమెంట్ కూడా చూశాను, కానీ రికవరీ కీ కాగితం మీద రాసి దాచమంటే తెనాలిలో మా అమ్మ "మెసేజీకి తాళంచెవి ఎందుకురా" అంది. అమ్మ సిగ్నల్లో ఉంది, మేనత్తలందరూ వాట్సాప్‌లో ఉన్నారు, ఆవిడ రెండూ చూస్తుంది, నేనూ రెండూ చూస్తున్నాను.

పాత_లినక్స్
బాబాయ్, సిగ్నల్ కోడ్ తెరిచి ఉన్నా సర్వర్ ఒక్కరిదే, రేపు వాళ్లు మూసేస్తే మనం చేసేదేం లేదు. ఎక్స్‌ఎంపీపీ అనే చాట్ పద్ధతి అయితే నచ్చిన సర్వర్‌లో ఖాతా. దానికి వాడే కాన్వర్సేషన్స్ యాప్ ప్లేస్టోర్‌లో డబ్బులకి, ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్‌లో ఉచితం. బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆపండి, లేకపోతే కొన్ని ఫోన్లు దాన్ని నిద్రపుచ్చేసి మెసేజీలు సాయంత్రానికి చూపిస్తాయి. ఇంకోటి, 2023 మేలో కేంద్రం నిషేధించిన 14 యాప్‌ల జాబితాలో ఎలిమెంట్, బ్రయర్ అనే ఇంకో చాట్ యాప్ కూడా ఉన్నాయి. ఇక్కడున్నవాళ్లు ఒక్క యాప్ మీదే ఆధారపడొద్దు, మ్యాట్రిక్స్‌కి వేరే క్లయింట్లూ (యాప్‌లూ) ఉన్నాయి.

కూకట్‌పల్లి_కోడర్
ఉద్యోగంలో ఉన్నవాళ్లు అపాయింట్‌మెంట్ లెటర్ ఒకసారి తీసి చదవండి. నా పాత కంపెనీలో ఖాళీ టైంలో రాసిన కోడ్ కూడా వాళ్లదే అని ఉంది. ప్యాచ్ పంపడానికి అనుమతి అడిగితే మేనేజర్ లీగల్‌కి పంపాడు, లీగల్ వాళ్లు మళ్లీ మేనేజర్‌ని అడగమన్నారు. చివరికి ఉద్యోగం మారాకే పంపాను. తమ్ముడూ, నీకింకా ఆ టెన్షన్ లేదు, ఇప్పుడే కానివ్వు.

గుంటూరు_మిర్చి
సరే ఒప్పుకుంటా, టీషర్ట్ బ్యాచ్‌లో నేను లేను కానీ 😅 శ్రీను గారూ, ఆ బగ్‌జిల్లా పని రెజ్యూమెలో పెట్టుకోవచ్చా?

డీటీపీ_శ్రీను
నాకు రెజ్యూమె ఎక్కడిది బాబూ. లింకులు పెట్టు, నువ్వేం రాశావో అన్నీ పబ్లిక్‌గానే ఉంటాయి, ఎవరైనా చదువుకోవచ్చు.

పేట_కుర్రాడు
శ్రీను గారి దారే బాగుంది నాకు. మా నాన్న షాపు బిల్లుల ఫైలు లిబ్రేఆఫీస్ కాల్క్‌లో తెరిస్తే తెలుగు పేర్లు సెల్ దాటి పక్కకి పోతున్నాయి, అది పెట్టనా? ఫైల్ అటాచ్ చెయ్యాలా?

డీటీపీ_శ్రీను
చెయ్యాలి, కానీ ఆ ఫైల్ కాదు. అందులో ఖాతాదారుల పేర్లు, బాకీలు ఉంటాయి, ఊరంతా చూస్తుంది. కొత్త ఫైల్లో నాలుగు ఉత్తుత్తి పేర్లు రాసి అదే తప్పు వస్తుందేమో చూడు, వస్తే అది పెట్టు. స్క్రీన్‌షాట్ కూడా. ముందు ఇలాంటిది ఎవరైనా రాశారేమో వెతుకు, ఉంటే కొత్తది తెరవకుండా దాని కిందే రాయి. లింకు ఇక్కడ వెయ్యి, రాత్రికి నా సిస్టంలో చేసి చూస్తా.