నియంత, నిరంకుశుడు, అభిమానం: ఒక శీర్షిక మీద చర్చ

కోనసీమలో పనిచేస్తున్న ఒక ఉపాధ్యాయురాలు మన సమూహంలో మొన్న అడిగిన ప్రశ్నకు జవాబుగా ఇది రాస్తున్నాను. తమ బడిలో పదో తరగతి పిల్లల వక్తృత్వ పోటీకి ‘నియంతను అభిమానించడం ఎప్పుడైనా సమర్థనీయమేనా’ అని శీర్షిక పెట్టారనీ, అందులో ‘అభిమానించడం’ ఉండాలా, ‘మెచ్చుకోవడం’ ఉండాలా అనీ ఆవిడ సందేహం. రెండూ ఒకటేనని ఇప్పటికే చాలామంది తేల్చేశారు. నాకు అలా తోచడం లేదు. అంతకంటే ముందు ‘నియంత’ అన్న మాట దగ్గరే ఆగవలసి ఉందని అనిపిస్తోంది.

సంస్కృతంలో ‘నియంత’ తిట్టు కాదు. సారథికి ఉన్న పేర్లు చెబుతూ అమరకోశం ‘నియంతా ప్రాజితా యంతా సూతః’ అంటుంది. నియమం, సంయమం పుట్టిన ధాతువులోంచే ఈ మాటా పుట్టింది. పగ్గాలు చేత పట్టినవాడని అర్థం. ఆ గౌరవం ఇప్పటి వాడుకలో కూడా కొంత మిగిలి ఉన్నందువల్లనే, ‘మనకూ ఒక నియంత ఉండాలండీ’ అన్న మాట అంత సులువుగా నోట వస్తుంది. ‘మనకూ ఒక నిరంకుశుడు ఉండాలండీ’ అని ఎవరైనా అనగా నేను వినలేదు. అంకుశానికి లొంగని ఏనుగును తలపించే మాట అది. కవులు నిరంకుశులన్న నానుడి ఉన్నా, కవి వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు రాదు కనుక అక్కడ ఆ మాట ముద్దుగానే చెల్లింది. పాలకుడి విషయంలో మాత్రం ఈ రెండు మాటలూ ఒకే మనిషిని రెండు వైపుల నుంచి చూపిస్తాయి: అతను ఇతరులను ఏం చేయగలడో ‘నియంత’ చెబుతుంది, ఇతరులు అతన్ని ఏమీ చేయలేరని ‘నిరంకుశుడు’ చెబుతుంది. సారథి రథానికి యజమాని కాడు. ఎక్కినవారు ఆపమంటే ఆపవలసినవాడు. ఆ మాట చెల్లని రోజున నియంత నిరంకుశుడవుతాడు.

గట్టి చెయ్యి కావాలన్న కోరిక తెలివితక్కువదని నేను అనను. డెల్టాలో పుట్టినవారికి అది ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు. దాళ్వాకు, అంటే రెండో వరి పంటకు, గోదావరిలో నీరు తగ్గిన సంవత్సరం వంతులవారీగా నీళ్లు వదులుతారు. ఆ వంతులు ఎవరూ తప్పకుండా చూసేవారు లేకపోతే ఎగువవారి చేలు మునుగుతాయి, కాలువ చివరనున్న శివారు చేలు ఎండుతాయి. అందుకే లాకుల దగ్గర కూర్చున్న పెద్దలు కఠినంగా ఉండే అధికారిని తలచుకుని మెచ్చుకుంటారు. అయితే కాలువ బాగా పారుతోందా లేదా అన్నది కాలువ మొదట్లో నీరు వదిలే తలతూము దగ్గర నిలబడి తేల్చే విషయం కాదని కూడా ఆ పెద్దలకే బాగా తెలుసు. శివారు రైతును అడగాలి. పాలనకూ నేను ఇదే కొలత పెడతాను.

ఈ చర్చలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటను పేరు ఇప్పటికే ఇద్దరు ఎత్తారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మన అన్నానికి మూలం. దాన్ని కట్టినది కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) దొరతనం, మనం ఎన్నుకున్నది కాదు. కాబట్టి మనం ఒక నిరంకుశ పాలనను మెచ్చుకుంటూనే ఉన్నాం కదా అన్నది వారి వాదం. కానీ గోదావరి స్నానం వేళ కొందరు చదివే శ్లోకంలో ఉన్న మాటలు గమనించండి: ‘స్మరామ్యాంగ్లేయదేశీయం కాటనుం తం భగీరథం’. స్మరిస్తున్నాను అంటుందే గాని సేవిస్తున్నాను అనదు. నీటిని తెచ్చినవాడిని తలుస్తుందే గాని ఏలినవారిని తలవదు. కాటను తన ప్రణాళికలకు పైవారిని ఒప్పించుకోవలసి వచ్చిన ఇంజనీరు, అంటే అంకుశం ఉన్నవాడు. తెల్లదొరల పాలన గురించే పక్కనున్న మన్యంలో అడిగి ఉంటే జవాబు వేరుగా ఉండేది. 1879లో రంప తిరుగుబాటు, 1922 నుంచి 1924 వరకు అల్లూరి పోరాటం ఆ జవాబులే. ఆనకట్టను మెచ్చుకోవడానికి మన్యాన్ని మరచిపోనక్కరలేదు.

గట్టి పాలనకు ఎక్కువమంది ఉదాహరణగా చూపినది సింగపూర్. లీ క్వాన్ యూ 1959 నుంచి 1990 వరకు ప్రధానిగా ఉన్నారు. ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. ఇళ్లు, రేవు, అవినీతి లేని కార్యాలయాలు నిజంగానే మెచ్చదగినవి. అదే దేశంలో చియా థై పో అనే ప్రతిపక్ష నాయకుడిని 1966లో అరెస్టు చేసి, ఏ కోర్టులోనూ విచారణ లేకుండా 1989 వరకు నిర్బంధంలో ఉంచారు. ఆ తరువాత కూడా ఆంక్షలు 1998 దాకా పూర్తిగా తొలగలేదు. అక్కడి ఇళ్లను మెచ్చుకునే వాక్యంలోనే ఈ ఇరవై మూడేళ్లనూ చెప్పగలిగితే ఆ మెప్పును నేను తప్పుపట్టను. రెండోది వదిలేసి మొదటిది చెప్పేవారు, తాము చెల్లించని వెలతో మెచ్చుకుంటున్నారు.

మన సంగతి కూడా దాచుకోకూడదు. 1975 జూన్‌లో మొదలైన అత్యవసర పరిస్థితిలో రైళ్లు వేళకు నడిచాయని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. 1977 ఎన్నికల్లో ఉత్తర భారతం ఆ కాంగ్రెస్ పాలనను ఓడించగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 అదే పార్టీకి దక్కాయి; నంద్యాల ఒక్కటే తప్పిపోయింది. బలవంతపు కుటుంబ నియంత్రణ దెబ్బ అక్కడ తగిలినంతగా ఇక్కడ తగలలేదన్నది ఒక కారణం. అంటే అప్పుడు మనం తలతూము దగ్గర ఉన్నాం.

ఇక ‘అభిమానం’. సంస్కృతంలో దీని మొదటి అర్థం గర్వం, ‘నేను, నాది’ అన్న భావం. తెలుగులో అది ప్రేమగా మెత్తబడింది. అయినా ‘ఆత్మాభిమానం’, ‘అభిమానం దెబ్బతింది’ అన్నప్పుడు పాత అర్థమే పలుకుతుంది. ఒకరిని అభిమానించడమంటే మన మానాన్ని కొంత అతని మీద పెట్టడం, అతన్ని అంటే మనల్ని అన్నట్టు నొచ్చుకోవడం. మెచ్చుకోవడం అలాంటిది కాదు. చేసిన పనిని చూసి మెచ్చుతాం, పని చెడితే ఆ మెప్పును వెనక్కి తీసుకుంటాం. పైగా తెగడ్తకు చోటు ఉన్నచోటే పొగడ్తకు విలువ. తెగిడినవాడు జైలుకు పోయే చోట వినిపించే పొగడ్త ఎంతవరకు మనసులోంచి వచ్చిందో పొగిడినవాడు కూడా నిక్కచ్చిగా చెప్పలేడు.

ఆకలి తీర్చిన పాలకుడిని తలచుకుని చేతులెత్తి మొక్కే ముసలమ్మను తప్పుపట్టే హక్కు నాకు లేదు. అది కృతజ్ఞత, దానికి వేరే మాట ఉంది. కానీ ఆ కృతజ్ఞతను అడ్డుపెట్టి, ప్రశ్నించినవారిని తిన్న ఇంటి వాసాలు లెక్కపెడుతున్నారని నిందించడం మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది. ఆ ఇల్లు పన్ను కట్టిన జనానిది. తమ ఇంటి వాసాలు లెక్కపెట్టుకునే హక్కు వారికి ఉంది.

కాబట్టి టీచరు గారికి నా సూచన ఇది: పిల్లలకు ‘నిరంకుశుడి పనిని మెచ్చుకోవచ్చునా, నిరంకుశుడిని అభిమానించవచ్చునా’ అని రెండు ప్రశ్నలుగా ఇవ్వండి. మొదటిదానికి నా జవాబు అవును, వెల కూడా చెబితే. రెండోదానికి కాదు. పోటీలో పిల్లలు వేరే జవాబు చెబితే వారి వాదాలను ఇక్కడ రాయగలరు, చదవాలని ఉంది.