జింక్ వేసిన పొలం బియ్యంలో జింక్ ఎక్కువుంటుందా?

చెరువు కింది రైతు:
మాది మూడెకరాల వరి. పోయిన యాసంగిలో నాటేసిన 20 రోజులకే ఒక మడి గిడసబారింది. ఆకు మధ్య ఈనె పాలిపోయి, రెండు పక్కలా తుప్పు మచ్చలు. ఆకు వంచితే పటుక్కున విరిగింది. లీటరుకి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ రెండుసార్లు కొట్టాక తేరుకుంది. పంట దక్కింది.

నా టెన్షన్ వేరే. మేం తినేది ఆ బియ్యమే. మొన్న మా నాలుగేళ్ల పాపకి విరేచనాలైతే డాక్టరు 14 రోజులు జింక్ సిరప్ వాడమన్నారు. ఆ మాట వినగానే నాకు ఆ ఎర్రబడ్డ మడే గుర్తొచ్చింది. ఈసారి ఆఖరి దమ్ములో ఎకరాకి 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తే పాప అన్నంలోకి జింక్ వస్తుందా?

నల్లరేగడి:
తమ్మీ, డీఏపీతో కలిపి మాత్రం చల్లకు. డీఏపీలోని భాస్వరం తగిలితే జింక్ పైరుకి అందదు. మూడు రోజులైనా ఎడం ఇవ్వాలి. ఏళ్ల తరబడి అలవాటుగా డీఏపీ గుమ్మరించాను, భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువ, జింక్ తక్కువ అని వచ్చింది. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలిచినా వేరుకి జింక్ సరిగా అందదు. మధ్యలో ఒకసారి తీసేసి ఆరగట్టు.

అగ్రికల్చర్ బీఎస్సీ:
అన్నా, దమ్ములో వేసింది పైరుని నిలబెడుతుంది, దిగుబడి పెంచుతుంది. గింజలో పెరిగేది కొంచెమే. గింజలోకి చేరాలంటే పూత అయ్యాక, పాలు పోసుకునేటప్పుడు లీటరుకి 5 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఆకు మీద కొట్టాలి. ఎండలో వద్దు, సాయంత్రం కొట్టండి. ముందు నాలుగు సాళ్ల మీద కొట్టి ఆకు మాడుతుందేమో చూసుకోండి, పురుగుమందులేవీ కలపొద్దు.

రకం కూడా చూడండి. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్ల డీఆర్ఆర్ ధాన్ 45 పాలిష్ పట్టాక కూడా కిలోకి 22 మిల్లీగ్రాముల పైన జింక్ ఇస్తుంది. మామూలు రకాల్లో 12 నుంచి 16 ఉంటుంది. పాపకి సిరప్ మాత్రం మధ్యలో ఆపకండి. గుడ్డు, పప్పు పెట్టండి.

చెరువు కింది రైతు:
పెద్దన్నా, పోయినసారి ఆ మడిలో డీఏపీ, జింక్ ఒకే తట్టలో కలిపి చల్లింది నేనే. ఇప్పుడర్థమైంది. చెల్లెమ్మా, ఇంటి తిండికని పది గుంటలు విడిగా పెట్టి నువ్వు చెప్పినట్టే కొడతాను. ఆ 45 రకం విత్తనం ఐదారు కిలోలు చాలు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను.