వాలెట్ బ్యాలెన్స్‌కి ఈవెంచువల్ కన్సిస్టెన్సీ ఒప్పుకోవచ్చా?

రాత్రిడ్యూటీ:
మొన్న రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది. ఒక కస్టమర్ వాలెట్‌లో 500 ఉంది, 400 కట్టాడు, స్క్రీన్ మీద ఇంకా 500 అనే కనపడుతోంది, వెళ్ళలేదేమో అనుకుని మళ్ళీ 400 కట్టాడు. అదీ వెళ్ళిపోయింది. బ్యాలెన్స్ మైనస్ 300. రీడ్ రెప్లికా (చదవడానికి పెట్టిన డేటాబేస్ కాపీ) 11 సెకన్లు వెనకబడింది, మా సర్వీసు దాని మాటే నమ్మింది. పొద్దున మీటింగులో "ఈవెంచువల్ కన్సిస్టెన్సీ అంటే అంతే, కాపీలన్నీ కాసేపటికి ఒకటవుతాయి, అదే సర్దుకుంటుంది" అని టికెట్ మూసేశారు. మైనస్ 300 దానంతటది ఎలా సర్దుకుంటుందండీ? డబ్బు లెక్క దగ్గర ఇది అస్సలు ఒప్పుకోకూడదని నా వాదన. మీరేమంటారు?

కోడ్‌కాఫీ:
చూసేది రెప్లికాలో, రాసేది ప్రైమరీలో (అసలు డేటాబేస్‌లో), మీ తప్పు అక్కడుంది బ్రో. బ్యాలెన్స్ చెక్ కూడా ప్రైమరీలోనే, అదే ట్రాన్సాక్షన్‌లో, ఆ రో (ఆ కస్టమర్ వరస) ఇంకెవరూ మార్చకుండా లాక్ చేసి చేయాలి. అమెజాన్ వాళ్ళు 2007లో డైనమో అనే తమ డేటా స్టోర్ గురించి రాసిన పేపర్‌లో షాపింగ్ కార్ట్ గురించి చెప్పింది చూడు: కార్ట్‌లో వేయడం ఎప్పుడూ ఆగకూడదు, దానికోసం తీసేసిన వస్తువు ఒక్కోసారి మళ్ళీ కనపడినా పర్వాలేదు అన్నారు. తెలిసి చేసుకున్న బేరం అది.

రాత్రిడ్యూటీ:
కార్ట్‌కైతే నేనూ సరే అంటాను, మళ్ళీ కనపడిన సబ్బుని ఇంకోసారి తీసేస్తే పోతుంది. మా దగ్గర ఆ బేరం ఎవరూ చేయలేదు, లోడ్ తగ్గుతుందని రీడ్స్ అన్నీ రెప్లికాకి మళ్ళించారు, అంతే. అందుకే మొత్తం రాఫ్ట్ (సర్వర్లు ఓటేసి ఒకే మాట మీదకి వచ్చే పద్ధతి) మీద నడిచే డేటాబేస్‌కి మారిపోదాం అంటున్నాను.

పాతసర్వర్:
తొందరపడకు తమ్ముడూ. మెసేజ్ ఎంత ఆలస్యమవుతుందో హద్దు లేని నెట్‌వర్క్‌లో, ఒక్క ప్రాసెస్ పడిపోయే అవకాశం ఉన్నా చాలు, సర్వర్లన్నీ తప్పకుండా ఒకే నిర్ణయానికి వస్తాయని హామీ ఇచ్చే డిటర్మినిస్టిక్ అల్గారిథమ్ ఉండదని 1985లోనే ఫిషర్, లించ్, పాటర్సన్ నిరూపించారు. అందుకే అందరం టైమ్‌అవుట్ల మీద బతుకుతున్నాం. ఈటీసీడీలో (రాఫ్ట్ మీద నడిచే డేటా స్టోర్) డిఫాల్ట్ హార్ట్‌బీట్, అంటే లీడర్ బతికే ఉన్నానని పంపే కబురు, 100 మిల్లీసెకన్లకోసారి; అది అందకపోతే కొత్త లీడర్‌ని ఎన్నుకునే ముందు ఆగే ఎలక్షన్ టైమ్‌అవుట్ 1000. మా దగ్గర రాత్రి బ్యాకప్ అదే డిస్క్ మీద నడిచేది, ఎఫ్‌సింక్ (డేటాని డిస్క్ మీద ఖాయంగా రాయడం) నత్తనడక నడిచేది, లీడర్ కబురు అందక మిగతా నోడ్లు ఎలక్షన్ పెట్టేసేవి, నాలుగైదు నిమిషాలకో కొత్త లీడర్. బలం కోసమని మూడు నోడ్లకి నాలుగోది కలిపారు. నాలుగింట్లో మెజారిటీ అంటే మూడు, కాబట్టి అప్పుడూ ఒక్క నోడ్ పోతేనే తట్టుకుంటుంది. ఈటీసీడీకి విడిగా ఎస్‌ఎస్‌డీ ఇచ్చాకే ఆ టెన్షన్ తగ్గింది.

కోడ్‌కాఫీ:
అన్న చెప్పినదానికి ఇంకొకటి. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో నెట్‌వర్క్ లింకు తెగింది 43 సెకన్లే, సర్వీసు పూర్తిగా కుదురుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ప్రైమరీని ఎంచుకునే ఆర్కెస్ట్రేటర్ రాఫ్ట్ ప్రకారమే కోరం (మెజారిటీ) కట్టి, ప్రైమరీలని అమెరికా పడమటి తీరానికి మార్చేసింది. కానీ తూర్పు తీరంలో ఆ కాసిని సెకన్లలో రాసిన డేటా అటు చేరనే లేదు. లీడర్ ఎవరన్నది ఓటేసి తేల్చారు, డేటా ఏదన్నది మాత్రం తేల్చలేదు. నీ ఫెయిలోవర్ (ప్రైమరీ పడితే ఇంకోదానికి మారడం) ఎలా ఉందో ముందు చూసుకో.

రాత్రిడ్యూటీ:
ఇప్పుడే చూశాను. ప్యాట్రోనీ (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి ఫెయిలోవర్ చూసుకునే టూల్), కింద ఈటీసీడీ, సింక్రనస్ మోడ్ (రాత కాపీకి చేరాకే ఖాయం చేసేది) ఆఫ్. అచ్చంగా అదే పరిస్థితి. ఆన్ చేస్తే సరిపోతుందా?

పాతసర్వర్:
సగమే. స్టాండ్‌బైలు (ప్రైమరీ స్థానంలోకి రావడానికి సిద్ధంగా ఉండే కాపీలు) అన్నీ పడిపోతే ప్యాట్రోనీ సింక్రనస్ తీసేసి రాతలు సాగనిస్తుంది. స్ట్రిక్ట్ మోడ్ పెడితే రాతలు ఆగిపోతాయి, అప్పుడు రాత్రి రెండున్నరకి ఇంకోరకం ఫోన్ వస్తుంది. ఏది కావాలో మీ బిజినెస్ వాళ్ళతో రాతపూర్వకంగా ఒప్పించుకో.

రాత్రిడ్యూటీ:
వాలెట్‌కి స్ట్రిక్టే పెట్టమంటాను అన్నా. పేమెంట్ కాలేదని కస్టమర్ ఓ పది నిమిషాలు తిట్టుకున్నా జవాబు చెప్పగలను. నాకు ఎందుకు మైనస్ వచ్చిందని అతను అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. రో లాక్ మార్పు రేపే పెడుతున్నాను, ఆ టికెట్ కూడా మళ్ళీ తెరుస్తున్నాను.