ఔత్సాహికులు కొత్త ఇంటి కంప్యూటర్‌ను రూపొందించగలరా?

ప్రశ్న:
1976లో స్టీవ్ వోజ్నియాక్ దాదాపు ఒంటరిగా ఆపిల్-1 కంప్యూటర్ బోర్డును రూపొందించిన నాటికి, దానికి గుండెకాయ అయిన 6502 ప్రాసెసర్ ఎవరికైనా 25 డాలర్లకే దొరికేది. రాతకోతలకూ, లెక్కలకూ, ఆటలకూ, ప్రోగ్రామింగ్‌కూ పనికివచ్చే అటువంటి యంత్రాన్ని ఈనాడు పెద్ద సంస్థ అండ లేకుండా కొద్దిమంది కలిసి తయారు చేయగలరా?

మొదటి జవాబు:
చేయలేరనే అనుకుంటున్నాను. నేటి కంప్యూటర్లలో వాడే వేగవంతమైన డీడీఆర్ మెమరీలో ఒక్కో బిట్‌కు నానోసెకండు వ్యవధి కూడా ఉండదు కనుక, సంకేతాలన్నీ ఒకేసారి చేరేలా బోర్డు మీది దారుల పొడవులను మిల్లీమీటర్లలో సరిచూసుకోవలసి వస్తుంది. ఇది సోల్డరింగ్ ఐరన్ పట్టుకొని ఇంట్లో కూర్చుని తేల్చే పని కాదు.

రెండో జవాబు:
ఆ ఇబ్బంది నిజమే గాని, దానిని దాటినవారు ఉన్నారు. 2014లో జనం నుంచి నిధులు సేకరించిన నొవీనా అనే ల్యాప్‌టాప్‌ను బన్నీ హువాంగ్, షాన్ క్రాస్ అనే ఇద్దరు రూపొందించారు. డీడీఆర్3 మెమరీతో, నాలుగు కోర్ల ప్రాసెసర్‌తో అది లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపింది. (వారిద్దరూ ఆరితేరిన ఇంజనీర్లు, వారిని ఔత్సాహికులు అనవచ్చా అని అడిగితే నేను వాదించను.) గోప్యతా ఒప్పందం మీద సంతకం చేయకుండానే వివరాల పుస్తకం దొరుకుతుందన్న కారణంతో వారు ఆ ప్రాసెసర్‌ను ఎంచుకున్నారు. అయినా అందులోని గ్రాఫిక్స్ భాగం గుట్టును తయారీదారు బయటపెట్టకపోవడంతో, దానిని నడిపే ప్రోగ్రామ్‌ను (డ్రైవర్‌ను) స్వచ్ఛంద ప్రోగ్రామర్లు విప్పి చూసి రాసుకోవలసి వచ్చింది. నా దృష్టిలో అసలు ముడి అక్కడ ఉంది.

పాత పద్ధతిలో వెళ్దామన్నా విడిభాగాల కొరత తప్పదు. డేవిడ్ మర్రే 2019లో ప్రకటించిన కమాండర్ ఎక్స్16 అనే పాతకాలపు తరహా ఇంటి కంప్యూటర్‌లో 8 మెగాహెర్ట్జ్ 65సీ02 ప్రాసెసర్ (6502కు తర్వాతి రూపం) ఉంది; అది నేటికీ కొత్తగా తయారవుతున్న చిప్. అన్నీ అంగట్లో దొరికే చిప్‌లతోనే కట్టాలని ఆయన ఆశించినా, దానికి తగిన వీడియో చిప్‌ను ఇప్పుడెవరూ తయారు చేయకపోవడం వల్ల, లోపలి సర్క్యూట్‌ను మనమే మలచుకోగల ఎఫ్‌పీజీఏ మీద ఆ భాగాన్ని నిర్మించుకోవలసి వచ్చింది. బోర్డులు కొనుగోలుదారులకు చేరేసరికి 2023 వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఎవరైనా ఉచితంగా వాడుకోగల రిస్క్-వి ప్రమాణంతో చేసిన ప్రాసెసర్ కోర్‌తో సహా యంత్రమంతా ఎఫ్‌పీజీఏలోనే పెడితే ఎవరి ఒప్పందాలూ అక్కరలేదు కదా?

రెండో జవాబు ఇచ్చినవారు:
అక్కరలేదు, లైటెక్స్, వెక్స్‌రిస్క్‌వి వంటి ఉచిత డిజైన్లతో అటువంటి బోర్డులు లినక్స్‌ను నడుపుతున్నాయి కూడా. అయితే వాటి వేగం సుమారు 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. రాతకోతలు, ప్రోగ్రామింగ్, చిన్న ఆటలు సాగుతాయి గాని, కరెంటు బిల్లు కట్టడానికి నేటి బ్రౌజర్ తెరిస్తే మాత్రం యంత్రం మొరాయిస్తుంది. మీ ప్రశ్నలో మీరు చెప్పిన పనుల జాబితాలో బ్రౌజర్ లేదు. దానిని కావాలనే వదిలారా, మరిచారా అన్నది చెబితే నా జవాబు అవునో కాదో తేల్చగలను.