ప్రధాన గని మొదలు కాకముందే చుట్టుపక్కల తగరం కోసం బోర్లు వేయడం సబబేనా?

రాతిసుత్తి:
ఈ వేదికలో తరచూ తేలి, మళ్లీ మునిగిపోయే ప్రశ్నను ఈసారి సూటిగా పెడుతున్నాను. ఒక తగరపు గనికి సాధ్యతా నివేదిక పూర్తయింది, ప్లాంటు నమూనా కాగితం మీద సిద్ధంగా ఉంది, తవ్వకం మాత్రం ఇంకా మొదలు కాలేదనుకుందాం. ప్రధాన నిక్షేపం చుట్టూ ఇరవై కిలోమీటర్ల లోపు నాలుగైదు చోట్ల పాతకాలపు తవ్వకాల గుంతలు ఉన్నాయి, వాగుల ఇసుకలో తగరపు ముఖ్య ఖనిజమైన కాసిటరైట్ గింజలు తగులుతున్నాయి, కొన్ని గట్ల మీద మట్టి నమూనాలు తగరాన్ని మిగతా చోట్ల కంటే ఎక్కువగా చూపించాయి. లోపలి రాతి నమూనాలు తీసి చూడటానికి వీటి మీద ఇప్పుడే బోర్లు వేయాలా, గని నడిచి డబ్బు వచ్చేదాకా ఆగాలా?

ఇప్పుడే వేయాలన్నది నా వాదన. తగరాన్ని మోసుకొచ్చే గ్రానైట్ ఒక్కచోట మాత్రమే వదిలి ఊరుకోదు. ఆ గ్రానైట్ పైకప్పు ఎక్కడెక్కడ ఉబ్బి ఉంటే అక్కడల్లా ఖనిజం గుమిగూడే అవకాశం ఉంటుంది. కాంగోలోని బిసియే దగ్గర 2019లో ఎంపామా నార్త్‌లో ఉత్పత్తి మొదలైంది, అదే గుట్ట వరుసలో ఉన్న ఎంపామా సౌత్ 2024లో దానికి తోడయింది. ప్లాంటు ఎంత పెద్దదిగా కట్టాలో తేల్చేది మొత్తం ముడిఖనిజమే కాబట్టి, ఆ మొత్తం తెలియకుండా కట్టడం కొలత తీసుకోకుండా బట్ట కత్తిరించడమే అవుతుంది.

తూకంరాయి:
రాతిసుత్తి గారు ఇచ్చిన ఉదాహరణే నా పక్షాన సాక్ష్యం చెబుతోంది. అక్కడ ముందు ఒక గని కట్టారు, దాన్ని నడిపించారు, అది సంపాదించిన డబ్బు వెన్నుదన్నుగా రెండోదాన్ని కట్టారు. మీరు చెప్పేది దానికి తలకిందులు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

పైగా తగరం ధర మన కోసం కాచుకొని ఉండదు. 2022 మార్చిలో టన్ను 50,000 డాలర్లు దాటిన లోహం, ఆ ఏడాది ముగియకముందే 20,000 కిందికి పడిపోయింది. 1985 అక్టోబరులో తగరం ధరను నిలబెడుతూ వచ్చిన అంతర్జాతీయ తగర మండలి చేతులెత్తేసినప్పుడు లండన్ లోహ విపణిలో తగరం వ్యాపారమే ఆగిపోయి, 1989 దాకా తిరిగి మొదలు కాలేదు. ధర బాగున్న కాలంలో గని కట్టుకోవాలి గాని, గట్టుగట్టుకూ బోరు వేసుకుంటూ కూర్చోకూడదు. ఇంకొక మాట. కొన్ని విడి బోర్లతో తేలేది ఎక్కువలో ఎక్కువ 'ఇన్ఫర్డ్' తరగతి వనరు, అంటే కొద్దిపాటి ఆధారాలతో అంచనా కట్టిన ఖనిజం. ఖనిజం లెక్కలు ప్రకటించడానికి గని కంపెనీలు పాటించే జార్క్ నియమావళి ప్రకారం దాన్ని నిల్వల్లోకి, అంటే లాభంతో తవ్వవచ్చని తేలిన ఖనిజం లెక్కలోకి, తీసుకోకూడదు. నిల్వల్లో లేని ఖనిజాన్ని చూసి అప్పిచ్చేవాడు ఎవడూ ఉండడు.

అడుగుజాడ:
ముందుగా ఒక సందేహం తీర్చండి. ప్రధాన గని ప్లాంటుకే ఖనిజం పంపే ఉపనిక్షేపం అని ఎంత దూరం వరకు ఉన్నదాన్ని అనాలి? ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్నది నా దృష్టిలో వేరే గని.

రాతిసుత్తి:
అడుగుజాడ గారూ, దానికి కిలోమీటర్ల లెక్క లేదు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో మౌంట్ బిషాఫ్ 1871లో బయటపడిన నిక్షేపం. అది మూతపడి దశాబ్దాలు గడిచాక, 2008లో దాన్ని మళ్లీ తెరిచి, తవ్విన ఖనిజాన్ని పదుల కిలోమీటర్ల దూరంలోని రెనిసన్ ప్లాంటుకు లారీల్లో తరలించారు. లారీ ఖర్చు భరించగల గ్రేడ్, అంటే రాయిలో లోహం శాతం, ఉంటే దూరమున్నా ఉపనిక్షేపమే, గ్రేడ్ లేకపోతే గోడ పక్కన ఉన్నా పనికిరాని రాయే.

అడుగుజాడ:
అంటే హద్దు లేదని మీరే ఒప్పుకున్నట్టు.

తూకంరాయి:
అడుగుజాడ గారు మంచి చోట పట్టుకున్నారు. దూరం సంగతి అలా ఉంచి, ఆ మట్టి నమూనాల లెక్కలు ఎలా వచ్చాయో రాతిసుత్తి గారు చెప్పలేదు. చేతిలో పట్టుకుని నేలకు ఆనించే ఎక్స్‌రే యంత్రంతో తీసిన అంకెలా, ప్రయోగశాలలో తేల్చినవా? కాసిటరైట్ గింజ ఒక్కటి ఆ యంత్రం కంటికి ఎదురుగా పడితే అంకె చుక్కలనంటుతుంది, ఆ గింజ కాస్త పక్కకు జరిగితే ఏమీ కనపడదు. అలాంటి అంకెలను నమ్మి బోర్లు వేయమనడం సోదె చెప్పించుకోవడమే.

గాజుగొట్టం:
నేను నమూనాలు పరీక్షించే పనిలో చాలా కాలంగా ఉన్నాను, కాబట్టి ఈ ఒక్క విషయంలో కల్పించుకుంటున్నాను. తూకంరాయి గారి అనుమానం సబబైనదే గాని, అసలు ప్రమాదం దానికి ఎదురు దిక్కున ఉంది. కాసిటరైట్ ఆమ్లాలకు లొంగదు. నాలుగు ఆమ్లాల్లో కరిగించే మామూలు పద్ధతిలో పరీక్షిస్తే ఖనిజం చాలా వరకు గొట్టం అడుగునే మిగిలిపోతుంది, ఉన్నదానికంటే తక్కువ తగరం ఉన్నట్టు ఫలితం వస్తుంది. సోడియం పెరాక్సైడ్‌తోనో లిథియం బోరేట్‌తోనో కలిపి నిప్పుల్లో కరిగించాలి, లేదా పొడిని బిళ్లగా నొక్కి ఎక్స్‌రేతో చూడాలి. పాత నివేదికల్లో 'ఇక్కడ ఏమీ లేదు' అని కొట్టేసిన గట్లలో ఎన్నింటిని తప్పు పద్ధతిలో పరీక్షించి కొట్టేశారో ఒకసారి వెనక్కి వెళ్లి చూడటం ఒక్క బోరు ఖర్చు కూడా కాదు.

యంత్రాలేవీ అక్కర్లేని పరీక్ష ఒకటి ఉంది. వాగు ఇసుకను గిన్నెలో తిప్పుతూ కడిగితే, క్వార్ట్జ్ కంటే రెండున్నర రెట్లు బరువైన ముదురు గోధుమరంగు గింజలు అంచున నిలుస్తాయి. వాటిని జింకు రేకు మీద పరచి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి కొద్ది నిమిషాలు ఆగాలి. బుడగలు తగ్గాక నీళ్లతో కడిగి చూస్తే, కాసిటరైట్ గింజల మీద మాత్రమే కళాయి పూసినట్టు బూడిదరంగు పొర మెరుస్తుంది. రూటైల్, మాగ్నటైట్ లాంటి ఇతర ఖనిజాల గింజలు తమ రంగు మారకుండా అలాగే ఉంటాయి. వాగుకు పైపైకి వెళుతూ ఈ పని చేసుకుంటూ పోతే, గింజలు హఠాత్తుగా ఆగిపోయే చోటికి కాస్త దిగువనో, ఆ పక్క గట్టు మీదో సిర, అంటే రాతిలోని ఖనిజపు చార, ఉండే అవకాశం ఎక్కువ.

అయితే రాతిసుత్తి గారికీ ఒక మాట చెప్పాలి. గ్రానైట్‌కు దూరం జరిగేకొద్దీ రాగి, జింకు, సీసం పెరుగుతాయి, తగరంలో కొంత భాగం కాసిటరైట్‌గా కాక స్టానైట్ అనే సల్ఫైడ్‌గా ఉండవచ్చు. కాసిటరైట్ బరువును నమ్ముకుని కట్టిన ప్లాంటులో స్టానైట్ దక్కదు. కాసిటరైటే అయినా, ఇరవై మైక్రాన్ల (మిల్లీమీటరులో యాభయ్యో వంతు) కంటే సన్నని రేణువులైతే, బరువును బట్టి ఖనిజాన్ని వేరుచేసే ఊగే టేబుళ్ల మీద నీటితో పాటే చాలావరకు కొట్టుకుపోతాయి. మొత్తం తగరం ఎంత అని కాక, ఆ ప్లాంటుకు చిక్కే తగరం ఎంత అని ప్రతి గట్టు దగ్గరా అడగాలి.

రాతిసుత్తి:
గాజుగొట్టం గారు చెప్పినదంతా నా వాదనకే బలం. ప్లాంటు కట్టాక స్టానైట్ సంగతి తెలిస్తే ఏం చేస్తారు? గోడలు కూల్చి, సల్ఫైడ్ ఖనిజాన్ని నురగలో తేల్చి తీసే ఫ్లోటేషన్ గది పెడతారా?

తూకంరాయి:
కట్టాక అనే మాట మీ నోట వింటుంటే నాకు నవ్వొస్తోంది. కట్టనే కట్టని గనిలో నేను మూడేళ్లు పనిచేశాను. ప్రధాన నిక్షేపం మీద ఇంకొక ఇరవై బోర్లు దగ్గరదగ్గరగా వేస్తే నిల్వలు తేలి, అప్పు పుట్టేది. ఆ డబ్బు తీసుకెళ్లి తొమ్మిది గట్ల మీద చల్లారు. ప్రతి గట్టుకూ ఒక ప్రకటన, ప్రతి ప్రకటనకూ రంగుల పటం, పటం చూసి వాటా ధర నాలుగు రోజులు లేవడం, ఆపైన చతికిలపడటం. చివరి ఐదు నెలల జీతం నాకు ఇప్పటికీ రాలేదు. బోర్లలోంచి తీసిన రాతి కడ్డీలు దాచిన కోర్ పెట్టెలు రేకుల షెడ్డులో చెదలు పట్టాయి. మీలాంటి భూగర్భ శాస్త్రవేత్తకు కొత్త గట్టు మీద ఉన్న మోజు పాత గట్టు లెక్క ముగించడం మీద ఉండదు.

రాతిసుత్తి:
మీ జీతం బాకీ దుర్మార్గమే, నేను కాదనను, కాని అది తగరం గురించిన శాస్త్రం కాదు. ఒక కంపెనీ మిమ్మల్ని మోసం చేసినందుకు ప్రపంచంలోని గట్లన్నిటినీ ముట్టుకోవద్దంటే ఎలా? నాకు మోజు ఉందని తేల్చడానికి మీరెవరు? ఇరవై ఏళ్లుగా కోర్ పెట్టెల ముందు వంగి నడుము పోగొట్టుకున్నవాణ్ని. నేను వేయించిన బోర్లలో ఉత్తి రాయి వచ్చినవాటి నివేదికలన్నీ నా సంతకంతోనే ఉన్నాయి.

అడుగుజాడ:
ఇద్దరూ శాంతించండి. దూరం సంగతి ఇంకా తేలలేదు.

చెలకగట్టు:
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. మీరు గట్టు గట్టు అంటున్న చోట్ల మావి కూడా ఉన్నాయి. బోర్లు వేసే బండి మా పొలం గట్టు తొక్కుకుంటూ వచ్చినప్పుడు, పని ముగిశాక రంధ్రం మూసి, చదును చేసి, గుర్తు పెడతామని రాసిచ్చారు. మూడు రంధ్రాలు తెరిచి వదిలేశారు, ఒకదానిలో మేకపిల్ల కాలు ఇరుక్కుని విరిగింది. బోరులోంచి వచ్చిన రాతిపొడి గుట్టగా పోసి వెళితే, వాన నీళ్లకు అది కుంటలో కలిసింది. తగరంతో పాటు ఆర్సెనోపైరైట్ వస్తుందని, అందులో ఆర్సెనిక్ అనే విషం ఉంటుందని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. కుంట నీళ్లు పరీక్షించమని మూడుసార్లు అడిగితే జవాబు లేదు.

ఇది చిన్న విషయమని మీరు అనవచ్చు. నన్ను బాధిస్తున్నది మరొకటి. ప్రజాభిప్రాయ సేకరణ సభలో మాకు చూపించిన పటంలో ఒకే ఒక్క గుంత ఉంది. పదేళ్ల తర్వాత పూడ్చి చెట్లు నాటుతామని, లారీలు మా దారిన రావని చెప్పారు. ఇప్పుడు ఇరవై కిలోమీటర్ల లోపు ఏదైనా ఉపనిక్షేపమే అంటున్నారు. ప్లాంటు ఒకసారి లేచాక దానికి మేత కావాలి, ఆ మేత మా గట్లు. రెండో గుంతకు అనుమతి అడిగేటప్పుడు, ప్లాంటు ఉంది, ఉద్యోగాలు ఉన్నాయి, కాదంటే అన్నీ పోతాయి అంటారు. అప్పుడు కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

గాజుగొట్టం:
చెలకగట్టు గారూ, ఆ కుంట నీటిని వెంటనే పరీక్షించాల్సిందే, అందులో రెండో మాట లేదు.

రాతిసుత్తి:
చెలకగట్టు గారూ, తెరిచి వదిలిన రంధ్రానికి సమర్థన లేదు. సిమెంటుతో మూసి, బోరు గొట్టాన్ని నేలకు కొంత లోతున నరికి, పైన మట్టి కప్పడం బోరు ఒప్పందంలో భాగంగా ఉండాలి. అది పూర్తయ్యాకే బోరు బిల్లు చెల్లించాలి.

కాని మీ రెండో మాట ఒకసారి నిదానంగా చూడండి. ముందు ఒకే గుంత చూపించి, ప్లాంటు కట్టాక ఒక్కొక్క గట్టు బయటపెట్టడం తూకంరాయి గారి దారి. మొదటే అన్నిచోట్లా బోర్లు వేసి, తవ్వదగ్గవి ఇవి, తవ్వదగనివి ఇవి అని అనుమతి అడిగేనాడే పటం మీద పెట్టడం నా దారి. మీరు భయపడుతున్నది ఎవరి దారిని?

తూకంరాయి:
ఇక దాపరికమెందుకు? మొత్తం పటం ముందే పెడితే అనుమతి రాదు. ఐదు గుంతలకు నీటి అధ్యయనం, ఐదు దారులకు భూమి, ఐదు ఊళ్లలో సభలు. అవి ముగిసేసరికి ధర పడిపోతుంది, పెట్టుబడిదారు వేరే దేశం చూసుకుంటాడు. ఒక్క గుంతతో మొదలుపెట్టిన గనే గనిగా మిగులుతుంది. మోసం చేయమని నేను అనడం లేదు. తెలియని దాన్ని తెలియదని చెప్పమంటున్నాను.

చెలకగట్టు:
తెలుసుకోకుండా ఉండటానికి డబ్బు ఆదా చేసుకుని, తెలియదని చెప్పడాన్ని మా వైపు మోసమనే అంటారు.

తూకంరాయి:
మీ గట్టు మీద ఏమీ లేదని తేలినా, అందుకు వేసే బోర్లు మీ పొలంలోనే పడతాయి. రాతిసుత్తి గారి నిజాయితీ మీకు ఇంకో ముప్ఫై రంధ్రాలు. అది మీకు సమ్మతమేనా?

రాతిసుత్తి:
ముప్ఫై అక్కర్లేదు. ముందు వాగు ఇసుక, తర్వాత మట్టి, తర్వాత చేతితో తవ్విన కందకం. ఈ మూడూ దాటి నిలిచిన గట్టు మీదే బోరు. మీరు చెప్పినట్టు తొమ్మిది గట్లున్నా, ఏడు కందకం దగ్గరే రాలిపోతాయి.

తూకంరాయి:
ఏడని ఎలా తెలుసు? మీరే ఇప్పుడు సోదె చెబుతున్నారు.

రాతిసుత్తి:
సరే, ఏడు అన్న అంకె వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా మాటలో మార్పు లేదు.

గాజుగొట్టం:
మీ ముగ్గురూ పోట్లాడుకోనక్కర్లేని బోర్లు కొన్ని ఉన్నాయి. ప్లాంటు, వ్యర్థాల చెరువు, రాతి దిబ్బ ఎక్కడ పెడతారో అక్కడ అడుగున ఖనిజం లేదని నిర్ధారించుకోవడానికి వేసేవి. లక్షల టన్నుల బురద పోశాక దాని కింద సిర ఉందని తెలిస్తే, దాన్ని తవ్వాలన్నా చిక్కే, వదిలేయాలన్నా చిక్కే. ఇవి గని మొదలు కాకముందే వేయాలని తూకంరాయి గారు కూడా ఒప్పుకుంటారనుకుంటాను. ఇంకొకటి, పాత తవ్వకాల సొరంగాలు ఏ గట్టు నుంచి ఏ గట్టుకు పోతున్నాయో ముందే పటం గీయాలి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో వీల్ జేన్ తగరపు గని 1991లో మూతపడి పంపులు ఆగాక, 1992 జనవరిలో లోహాలతో నిండిన ఆమ్లపు నీరు ఒక పాత సొరంగం నోటి నుంచి ఎగదన్ని, నదిలో పడి సముద్రపు పాయ దాకా ఎర్రబార్చింది.

తూకంరాయి:
చెరువు కింది బోర్లకు నేను అడ్డం చెప్పను. వాటికి ప్రకటనలు ఉండవు, రంగుల పటాలూ ఉండవు.

అడుగుజాడ:
వ్యర్థాల చెరువు కింద దొరికినదాన్ని మరి ఉపనిక్షేపం అనాలా, ప్రధాన నిక్షేపంలో భాగం అనాలా?

చెలకగట్టు:
దానికి ఏ పేరైనా పెట్టుకోండి. వ్యర్థాల చెరువు గీసిన చోటికి దిగువనే మా కుంట. గాజుగొట్టం గారూ, నీళ్లు ఎంత పట్టాలో, ఏ సీసాలో పంపాలో చెప్పండి, రేపు పొద్దున పట్టి పంపుతాను.