తయారవని ఫీచర్‌కి ‘కొనండి’ బటన్ పెట్టొచ్చా?

సందేహి:
టీమ్‌లో రెండు వర్గాలైపోయాం. కస్టమర్ల ఖాతాలు చూసి వారం వారం ఖర్చుల రిపోర్టు ఇచ్చే ఫీచర్ అనుకున్నాం. ఇంకా ఒక్క లైన్ కోడ్ రాయలేదు. ధర వేసి ‘కొనండి’ బటన్ పెట్టేసి, ఎంతమంది నొక్కుతారో చూశాకే పని మొదలుపెడదామని ఒక వర్గం. అది మోసమని రెండోది. నొక్కితే ‘త్వరలో వస్తుంది’ అని చూపిస్తాం, డబ్బు తీసుకోం. నేనైతే పెట్టాలనే అంటున్నా.

కొలబద్ద:
పెట్టండి. నోటితో అడిగితే మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. ఆన్‌లైన్‌లో బూట్లు అమ్మే జాపోస్ 1999లో ఎలా మొదలైంది? దాన్ని పెట్టిన నిక్ స్విన్‌మర్న్ షాపులకెళ్ళి బూట్ల ఫొటోలు తీసి వెబ్‌సైట్లో పెట్టాడు. చేతిలో ఒక్క జత స్టాక్ లేదు. ఇంటర్నెట్లో ఫైళ్ళు దాచుకునే డ్రాప్‌బాక్స్ 2008లో చిన్న వీడియో వదిలితే వెయిటింగ్ లిస్ట్ రాత్రికి రాత్రి 5,000 నుంచి 75,000కి పోయింది.

నిక్కచ్చి:
ఆ రెండూ మీకే అడ్డం తిరుగుతాయి. ఆర్డర్ రాగానే స్విన్‌మర్న్ షాపుకెళ్ళి పూర్తి ధరకి కొని పంపాడు. ఒక్కో జతకి నష్టమొచ్చినా కొన్నవాళ్ళకి బూట్లు అందాయి. డ్రాప్‌బాక్స్ వాళ్ళు పేరు రాసుకోమన్నారు, కొనమనలేదు. మీది ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం వ్యవహారం.

కొలబద్ద:
ఎవరి జేబులోంచీ పైసా పోలేదు కదండీ! రెండు సెకన్ల నిరాశ, అంతే. ఎవరికీ అక్కర్లేని దాని మీద నెలల తరబడి జీతాలు పోయడం కంటే నయం.

లెక్కలపిచ్చి:
న్యాయాన్యాయాలు మీరే తేల్చుకోండి. ఆ క్లిక్కులతో ఏం తెలుస్తుందన్నది నా ప్రశ్న. 5% మంది నొక్కుతున్న పేజీని మార్చి 6%కి తెచ్చామని నమ్మకంగా చెప్పాలంటే పాత పేజీకి సుమారు 8,000 మంది, కొత్తదానికి మరో 8,000 మంది రావాలి. రెండు మూడొందల మందిని చూసి పండగ చేసుకునే టీములే ఎక్కువ.

పోనీ జనం బోలెడు ఉన్నా సరిపోదు. 1985లో కోకాకోలా కొత్త రుచిని సుమారు 2 లక్షల మందితో పరీక్షించింది. పేర్లు దాచి రుచి చూపిస్తే ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు. ఏప్రిల్ 23న పాతదాని బదులు దాన్ని విడుదల చేశారు, జనం గోల పెడితే 79 రోజులకే పాతదాన్ని వెనక్కి తెచ్చారు. ఏ రుచి నచ్చిందని అడిగారు గానీ, పాతది ఇక దొరకదన్న సంగతి ఆ రుచి పరీక్షలో లేదు. మీ బటన్ కూడా అంతే: నొక్కినవాడు వదులుకున్నదేమీ లేదు. తిరిగి ఇచ్చే షరతుతో చిన్న అడ్వాన్స్ అడిగి చూడండి, సగంమంది జారుకుంటారు.

హెల్ప్‌డెస్క్ అక్క:
ఆ రెండు సెకన్ల నిరాశ తర్వాత ఫోన్లు ఎత్తేది మేం బాబూ. కొత్తగా వచ్చినవాళ్ళు గొణుక్కుని పోతారు. ఇప్పటికే డబ్బు కడుతున్నవాళ్ళు మాత్రం ‘ఇంకా ఏమేం లేవు మీ దగ్గర?’ అంటారు. ధర అలాగే ఉంచి, బటన్ మీద ‘తయారవగానే చెప్పండి’ అని రాస్తే మీకేం పోయింది?

కొలబద్ద:
అలా రాస్తే ఊరికే నొక్కేవాళ్ళు ఇంకా పెరుగుతారక్కా. ‘కొనండి’ అన్న దగ్గరే మనిషి ఒక్క క్షణం ఆగుతాడు, నాకు కావలసింది ఆ ఆగడమే.

సందేహి:
అడ్వాన్స్ మాట టీమ్‌లో పెడతాను. నిక్కచ్చి గారూ, స్విన్‌మర్న్ లాగా మొదటి కొద్దిమందికి రిపోర్టు మేమే చేత్తో తయారుచేసి పంపితే? యాప్ చేసిందనుకుంటారు. అందులో మోసం లేదా?

నిక్కచ్చి:
ఉంది, ఇంకా పెద్దది. బూట్లు ఎవరు కొని పంపితేనేం? ఇక్కడ వాళ్ళ ఖర్చులు మీ ఉద్యోగి చదువుతాడు. ఆ సంగతి ముందే రాసి, ఒప్పుకున్నవాళ్ళకే చేయండి. పదిమందే మిగిలినా, ఆ పదిమందికి ఈ రిపోర్టు నిజంగా కావాలన్నమాట.